పాత కొలువును దాచొద్దు, తేదీలతో సహా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా రెసిడెన్సీ, అంటే అక్కడి ఆస్పత్రుల్లో ఇచ్చే పీజీ వైద్య శిక్షణ గురించి పత్రికల చదువుల పేజీల్లో వచ్చేదంతా పరీక్షల చుట్టూనే తిరుగుతోంది. అక్కడి డాక్టరు లైసెన్సు పరీక్షల్లో స్టెప్‌ 1 ఎప్పుడు రాయాలి, స్టెప్‌ 2 సీకేలో ఎంత రావాలి, మొత్తం ఖర్చెంత. పరీక్షలు గట్టెక్కాక దరఖాస్తు నింపే దగ్గర తడబడేవాళ్ల సంగతి ఎక్కడా కనబడదు. అందులోనూ డాక్టరు చదువుకు ముందో తర్వాతో వేరే కొలువు చేసినవాళ్లు చేజేతులా నష్టపోతున్నారు. ఈ ఉత్తరం వాళ్ల కోసం. కొంచెం పొడుగే, అయినా మొత్తం వేయమని మనవి.

మన దగ్గర పీజీ సీటుకు ర్యాంకు ఒక్కటే మాట్లాడుతుంది. నీట్‌ పీజీ రాసి, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకుంటే సరి. అంతకుముందు ఏం చేశావని అడిగే గడే ఉండదు. అమెరికాలో పద్ధతి వేరు. ఎక్కువ స్పెషాలిటీల్లో ఈరాస్‌ అనే ఆన్‌లైన్‌ దరఖాస్తు ఒకటి నింపితే, కోరుకున్న ప్రోగ్రామ్‌లన్నిటికీ, అంటే శిక్షణ ఇచ్చే ఆస్పత్రులకు, అదే పోతుంది. వాళ్లు చదివి, కొందరిని పిలిచి మాట్లాడి, ఎవరు ముందు ఎవరు వెనక అని జాబితా ఇస్తారు. అభ్యర్థులూ తమ జాబితా ఇస్తారు. ఎన్‌ఆర్‌ఎంపీ అనే సంస్థ ఆ రెండింటినీ జత కలిపి మార్చిలో ఫలితం చెబుతుంది, దీన్నే మ్యాచ్‌ అంటారు. 2022 జనవరి 26 నుంచి స్టెప్‌ 1కు మార్కులు తీసేసి పాస్‌, ఫెయిల్‌ మాత్రమే ఇస్తున్నారు. దాంతో దరఖాస్తులోని మిగతా గడులకు బరువు పెరిగింది. ర్యాంకుల లెక్కకే అలవాటుపడిన మన పిల్లలు ఆ గడుల దగ్గర అయితే పాత కొలువును పూర్తిగా దాచేస్తారు, లేకపోతే దాన్నే పెద్ద కథ చేసి డాక్టరు పనిని మూలకు తోస్తారు. రెండూ దెబ్బతీసేవే.

ఇది ఏ ఒక్కరిద్దరి సమస్యో కాదు. బీటెక్‌ చేసి నాలుగైదేండ్లు పట్నంలో సాఫ్ట్‌వేర్‌ కొలువు చేసి, మానేసి ఎంబీబీఎస్‌లో చేరినవాళ్లున్నారు. బీఫార్మసీ చదివి మందుల షాపు నడిపినవాళ్లు, ఫిజియోథెరపీ చేసినవాళ్లు, జిల్లా పరిషత్‌ బడిలో పాఠాలు చెప్పినవాళ్లు, జార్జియాకో ఫిలిప్పీన్స్‌కో పోయి డాక్టరై వచ్చినవాళ్లు ఉన్నారు. నీట్‌ యూజీకి ఉన్న గరిష్ఠ వయసు పరిమితిని జాతీయ వైద్య కమిషన్‌ 2022 మార్చిలో ఎత్తేసింది కాబట్టి ముప్పై దాటాక తెల్లకోటు వేసుకునేవాళ్లు మున్ముందు ఇంకా వస్తారు. ఇక పెళ్లయ్యాక భర్త కొలువు వీసా ఆధారంగా ఇచ్చే హెచ్‌-4 వీసా మీద అమెరికా పోయి, సాఫ్ట్‌వేర్‌ టెస్టింగ్‌ కొలువులో చేరి, మళ్లీ వైద్యం వైపు రావాలనుకునే ఆడబిడ్డలు మన ఊళ్లలో ఎందరో. వాళ్ల సంగతి విడిగా చెప్పాలి, కింద చెబుతాం.

మొదట దాచడం గురించి. ఇంటర్‌ 2010లో, ఎంబీబీఎస్‌ చేరిక 2018లో అని కాగితాల్లో ఉంటే, మధ్యలో ఎనిమిదేండ్లు ఏమైనట్టు? చదివేవాళ్లకు ఆ ఖాళీ ఇట్టే కనిపిస్తుంది. ఖాళీ చూసినవాళ్లెవరూ మంచి ఊహించరు. జబ్బుపడ్డాడనో, చదువులో తప్పాడనో, ఇంకేదో జరిగిందనో అనుకుంటారు. అదే చోట 'నాలుగేండ్లు బీటెక్‌, మూడేండ్లు కొలువు, ఒక ఏడు ప్రవేశ పరీక్షకు చదువు' అని ఉంటే అడగాల్సిందే ఉండదు. లాంగ్‌టర్మ్‌ కోచింగ్‌ తీసుకున్న ఏడాదిని రాయడానికి సిగ్గుపడేవాళ్లను చూస్తుంటాం. అందులో దాచేదేముంది, ఒక్క వాక్యం చాలు. పైగా ఎన్‌ఆర్‌ఎంపీ ఒప్పందంలో అభ్యర్థి పూర్తి సమాచారం, నిజమైన సమాచారం ఇవ్వాలన్న షరతు ఉంది. తప్పు చెబితే అది ఒప్పందం మీరినట్టే.

ఇప్పుడు గడుల సంగతి. ఈరాస్‌లో అనుభవాలు గరిష్ఠంగా 10 మాత్రమే పెట్టనిస్తారు. ఒక్కోదానికి సంస్థ పేరు, హోదా, మొదలైన నెల, ముగిసిన నెల ఇచ్చి, చేసిన పనిని ఖాళీలతో కలిపి 750 అక్షరాల్లో రాయాలి. ఇంగ్లిషులో అది నూటపది, నూటఇరవై మాటలకు మించదు. ఆ పదింటిలో మూడింటిని మనకు ముఖ్యమైనవిగా గుర్తుపెట్టి, ఎందుకు ముఖ్యమో ఇంకో 300 అక్షరాలు రాసుకోవచ్చు. బీటెక్‌, బీఫార్మసీ డిగ్రీలు ఉన్నత విద్య గడిలోకి పోతాయి, అనుభవాల్లోకి కాదు. చాలామంది డిగ్రీని ఇక్కడ పెట్టి ఒక చోటు వృథా చేసుకుంటారు. ఒకే కంపెనీలో మూడు హోదాలు మారితే మూడు అనుభవాలుగా విడగొట్టకండి. ఒకే చోట పెట్టి, చివరి హోదా రాసి, మిగతావి వివరంలో ఒక వాక్యంలో చెప్పండి. పాత కొలువులన్నిటికీ కలిపి పదిలో రెండు చోట్లు దాటకూడదన్నది మా గట్టి అభిప్రాయం. మిగతా ఎనిమిది రోగుల దగ్గర చేసిన పనికి, పరిశోధనకు, సేవకు ఉండాలి.

ఇంకో గడి మనవాళ్లను తికమక పెడుతుంది. వైద్య విద్యలో అంతరాయం కలిగిందా, పొడిగింపు జరిగిందా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఎంబీబీఎస్‌కు ముందు చేసిన కొలువు అంతరాయం కాదు. అక్కడ అవునని టిక్కు పెడితే, లేని మచ్చను మనమే పెట్టుకున్నట్టు. ఆ ప్రశ్న మెడికల్‌ కాలేజీలో చేరిన రోజు నుంచి పట్టా పొందేదాకా నడిచిన కాలానికి సంబంధించింది.

750 అక్షరాల్లో ఏం రాయాలి? ఒక ఉదాహరణ మన నల్లగొండ జిల్లా నుంచే తీసుకుందాం. తాగునీటి పరీక్షల ల్యాబ్‌లో మూడేండ్లు పనిచేసి తర్వాత డాక్టరైన మనిషి అనుకోండి. మామూలుగా ఇలా రాస్తారు: 'నీటి నాణ్యత విభాగంలో అంకితభావంతో పనిచేశాను. నాయకత్వం, జట్టుగా పనిచేయడం నేర్చుకున్నాను. గ్రామీణ ప్రజలకు సేవ చేశాను.' ఈ మూడు వాక్యాలు ఎవరి దరఖాస్తులో పెట్టినా ఇముడుతాయి, అంటే ఎవరి గురించీ ఏమీ చెప్పవు. అదే మనిషి ఇలా రాస్తే చూడండి: 'మునుగోడు, మర్రిగూడ మండలాల బోర్లు, చేతిపంపుల నీళ్లను ప్లాస్టిక్‌ సీసాల్లో సేకరించి ఫ్లోరైడ్‌ కొలిచాను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోర్ల పేర్లు పంచాయతీకి ఇచ్చాను. కాగితం చూసి ఎవరూ ఆ నీళ్లు మానలేదు. మంచి బోరు ఎంత దూరంలో ఉందో ఇంటింటికీ పోయి చెప్పాకే మానారు.' నెలకు ఎన్ని నమూనాలో, ఎన్ని ఊళ్లో తన దగ్గరున్న రికార్డు చూసి అంకె వేయాలి. గుర్తులేకపోతే అంకె వదిలేయాలి గానీ ఊహించి రాయకూడదు. ఫ్లోరోసిస్‌ అంటే ఏమిటో అమెరికా వైద్యుల్లో చాలామంది చూసి ఉండరు, కాబట్టి దంతాల మీద గోధుమ మచ్చలు, ఎముకలు బిగుసుకుపోవడం అని అర వాక్యం చేర్చాలి. ఆ 300 అక్షరాల చోట మళ్లీ ల్యాబ్‌ను పొగడొద్దు. 'కొలత చెప్పడం వేరు, మనిషి అలవాటు మార్చుకోవడం వేరు అని అక్కడ తెలిసింది. షుగర్‌ రోగికి హెచ్‌బీఏ1సీ అంకె చెప్పి ఊరుకోకుండా, రాత్రి అన్నం ఎంత తింటున్నారో అడగడం దాంతోనే అలవాటైంది.' పాత కొలువుకూ ఇంటర్నల్‌ మెడిసిన్‌కూ వంతెన పడేది ఇక్కడే.

ఈ వంతెన లేకపోతే పాత కొలువు ఎంత గొప్పదైనా దండగే. చదివేవాళ్లు వెతికేదేమిటో ముందే తెలుసు. అమెరికాలో రెసిడెన్సీలను పర్యవేక్షించే ఏసీజీఎంఈ 1999లో ఆరు సామర్థ్యాలు ఖరారు చేసింది: రోగి సంరక్షణ, వైద్య జ్ఞానం, తన పనిని తానే పరీక్షించుకుని మెరుగుపడడం, మాట తీరు, వృత్తి నిబద్ధత, ఆస్పత్రి వ్యవస్థను అర్థం చేసుకుని పనిచేయడం. పాత కొలువు మొదటి రెండింటికీ రుజువు కాదు. ఆ ప్రయత్నమే చేయొద్దు. మిగతా నాలుగింటిలో ఏదో ఒకదానికి కచ్చితంగా రుజువవుతుంది. ఆ ఒక్కటి పట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌లో రాత్రి ఆన్‌కాల్‌ చేసినవాళ్లు షిఫ్టు మారేటప్పుడు పని అప్పగించే తీరు చెప్పాలి. రెసిడెన్సీలో రోగులను తర్వాతి డాక్టరుకు అప్పగించడానికి ఐ-పాస్‌ అనే పద్ధతి వాడతారు. జబ్బు తీవ్రత, రోగి సంగతి క్లుప్తంగా, చేయాల్సిన పనులు, ఏం జరిగే వీలుందో, చివరికి విన్నవాళ్లు తిరిగి చెప్పడం. సర్వర్‌ పడిపోయిన రాత్రి ఈ క్రమంలోనే అప్పగింత చేసినవాళ్లకు అది కొత్త కాదు. పాలమూరు బడిలో లెక్కలు చెప్పినవాళ్లు, పిల్లవాడికి అర్థమైందా అని అడక్కుండా వాడి చేతే చెప్పించడం అలవాటు చేసుకుని ఉంటారు. డిశ్చార్జి రోజు మందులు వాడే తీరును రోగి నోటితోనే చెప్పించడం అలాంటిదే. మందుల షాపు నడిపినవాళ్లు ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడం దగ్గర ఆగకుండా, ఇంట్లో ఫ్రిజ్‌ లేని రోగికి ఏం చెప్పారో రాయాలి.

పర్సనల్‌ స్టేట్‌మెంట్‌, అంటే తన గురించి తాను రాసుకునే వ్యాసంలో తప్పంతా పాళ్లలో జరుగుతుంది. పెట్టె 28,000 అక్షరాలు పడుతుంది గానీ ఒక పేజీ, అంటే 600, 700 మాటలు దాటించొద్దు. అందులో పాత కొలువుకు 150 మాటలు, అది వదిలి వైద్యానికి రావడానికి 50 మాటలు, మిగతాదంతా ఈ స్పెషాలిటీలో రోగుల దగ్గర చేసిన పని, ఎలాంటి ప్రోగ్రామ్‌ కావాలన్నది. మనవాళ్ల చిత్తుప్రతుల్లో ఇది తలకిందులుగా ఉంటుంది: మూడు పేరాలు సాఫ్ట్‌వేర్‌, చివరి పేరాలో స్టెతస్కోప్‌. మొదటి వాక్యంలోనే 'చిన్నప్పటి నుంచి డాక్టరు కావాలన్నదే నా కల' అని మొదలుపెట్టి, రెండో పేరాలో ఆరేండ్లు కోడింగ్‌ చేశానని రాస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. నిజం ఏదైతే అది రాయండి. పంటలు పోయి ఇంట్లో అప్పులుండి ముందు కొలువులో చేరితే, ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోవచ్చు. కొలువు పోయి వైద్యం వైపు చూసినా అంతే. 'కంపెనీ ఆ విభాగం మూసేసింది, అప్పుడు నిర్ణయం తీసుకున్నాను' అంటే ఎవరూ తక్కువ చూడరు. పాత రంగాన్ని తిట్టడం మాత్రం వద్దు. 'యంత్రాలతో విసిగిపోయాను, మనుషులు కావాలనిపించింది' అన్న వాక్యం వినడానికి బాగుంటుంది గానీ, విసిగితే వదిలేసే మనిషి అన్న అర్థమే చదివేవాళ్లకు తడుతుంది. మాటల విషయంలో ఇంకోటి: క్లయింట్‌, డెలివరబుల్‌, స్ప్రింట్‌, స్టేక్‌హోల్డర్‌ లాంటివి వైద్యుడికి అంటవు. ఆ పని వివరం ఆ రంగం తెలియని మేనమామకు చెప్పినట్టు ఉండాలి. కంపెనీతో గోప్యత ఒప్పందం ఉంటే ఖాతాదారు పేరు రాయకుండా, 'ఒక బ్యాంకు' అంటే చాలు.

ఇంటర్వ్యూలు 2020 నుంచి ఎక్కువగా వీడియోలోనే జరుగుతున్నాయి. 'ఇదెందుకు వదిలి అదెందుకు పట్టారు' అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబు నిమిషం, నిమిషంన్నర. అడిగేవాళ్ల మనసులో మూడు భయాలుంటాయి, అవి తెలిసి మాట్లాడాలి. మొదటిది, ఈ మనిషి ఇది కూడా వదిలేస్తాడా అన్నది. రెసిడెంట్‌ మధ్యలో పోతే మిగతావాళ్ల డ్యూటీల పట్టికంతా చెదిరిపోతుంది, అందుకే ఆ భయం. దానికి జవాబు ఉత్సాహం కాదు, ఏండ్ల లెక్క: నాలుగున్నరేండ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్‌, స్టెప్‌లు, ఆ తర్వాత రోగుల దగ్గర గడిపిన నెలలు. రెండోది, వయసులో చిన్నవాళ్లు చెబితే వింటాడా అన్నది. ఇంటర్న్‌గా ఉన్నప్పుడు తనకంటే ఎనిమిదేండ్లు చిన్నయిన పీజీ కింద పనిచేసిన సందర్భం ఒకటి, ఆ పీజీ ఏం దిద్దారో, తాను ఏం మార్చుకున్నారో చెబితే ఆ భయం పోతుంది. మూడోది ఒంటి ఓపిక. వారానికి 80 గంటలు, నాలుగు వారాల సగటున, అన్నది అక్కడి హద్దు. దాని గురించి వాళ్లు అడక్కుండా మనం ఎత్తాల్సిన పనిలేదు. వయసు, మతం, పిల్లలు, కుటుంబం గురించి ప్రోగ్రామ్‌లు అడగకూడదని ఎన్‌ఆర్‌ఎంపీ నియమావళి చెబుతోంది. అలాంటి ప్రశ్న ఎవరైనా వేస్తే పని విషయానికి మర్యాదగా మళ్లించవచ్చు.

పాత కొలువులో చేసిన తప్పు ఒకటి చెప్పమని కూడా అడుగుతారు. ఇక్కడ ఆ నీళ్ల ల్యాబ్‌ మనిషి దగ్గర బంగారం లాంటి జవాబుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ తగ్గించే పద్ధతికి నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ మన జిల్లా పేరే పెట్టింది, నల్లగొండ టెక్నిక్‌ అని. పటిక వేసిన నీళ్లలో మిగిలే అల్యూమినియం, రంగు చూసి కొలిచే పరీక్షలో ఫ్లోరైడ్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. శుద్ధి చేసిన నీళ్లు బాగున్నాయని ఒక నెల నివేదిక ఇచ్చి, తర్వాత నమూనాను ఆవిరి చేసి చల్లబరిచి, ఆ నీళ్లను మళ్లీ కొలిస్తే అంకె పెరిగి, ఊరికి తిరిగి పోయి చెప్పాల్సి వచ్చిందనుకోండి. ఏం తప్పు జరిగింది, ఎలా కనిపెట్టారు, ఎవరికి చెప్పారు, తర్వాత ఏ అడుగు చేర్చారు అన్న వరుసలో చెప్పి, చివర ఒక వాక్యం: 'అందుకే పొటాషియం ఎక్కువని రిపోర్టు రాగానే మందు ఎక్కించే ముందు, నమూనాలో ఎర్ర కణాలు పగిలాయా అని ల్యాబ్‌ను అడుగుతాను, ఈసీజీ చూస్తాను.' ఇలాంటి జవాబు ముందురోజు బట్టీపడితే రాదు. పాత కొలువులో నిజంగా జరిగిన నాలుగు సంఘటనలను నెల ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

సిఫారసు లేఖలు ఒక్కో ప్రోగ్రామ్‌కు నాలుగు దాకా పంపొచ్చు. మూడు తప్పనిసరిగా డాక్టర్లవి ఉండాలి. పాత మేనేజరు లేఖ పెట్టాలనుకుంటే నాలుగోదిగానే, అదీ ఆయన మీ వైద్యం గురించి ఊహించి రాయకుండా, తన కళ్లతో చూసిన పని గురించే రాస్తానంటేనే. డీన్‌ కార్యాలయం ఇచ్చే ఎంఎస్‌పీఈ అనే విద్యార్థి పనితీరు పత్రంలో విద్యార్థి ప్రత్యేకతలు రాసే చోటు ఒకటి ఉంటుంది, మూడు అంశాలకు మించదు. పాత కొలువు అందులో ఒకటి కావచ్చు. మహబూబ్‌నగర్‌ ప్రభుత్వ కాలేజీ 2016లో, నల్లగొండ, సూర్యాపేట కాలేజీలు 2019లో మొదలయ్యాయి. నాగర్‌కర్నూల్‌, వనపర్తి ఇంకా కొత్తవి. ఈ కాలేజీల డీన్‌ కార్యాలయాలకు అమెరికా కాగితాలు ఇంకా అలవాటు కావాలి. విద్యార్థే కొలువు పేరు, నెల, సంవత్సరం టైపు చేసి అనుభవ పత్రం నకలు జతచేసి ఇవ్వాలి. ఎంఎస్‌పీఈలో 2016 జూన్‌, ఈరాస్‌లో 2016 ఆగస్టు, లింక్డ్‌ఇన్‌లో 2015 అని మూడు చోట్ల మూడు తేదీలుంటే అన్నిటినీ అనుమానిస్తారు.

హెచ్‌-4 మీద ఉన్నవాళ్ల చిక్కు వేరు. వాళ్ల కొలువు ఎంబీబీఎస్‌ తర్వాతిది. కాబట్టి ఎందుకు మారావన్న దానికంటే వైద్యం మరిచిపోయావా అన్న ప్రశ్నే పెద్దది. చాలా ప్రోగ్రామ్‌లు పట్టా పొంది ఇన్నేండ్లు దాటకూడదని జల్లెడ పడతాయి, ఆ జల్లెడను వ్యాసం దాటించలేదు. ఇటీవల రాసిన స్టెప్‌ 2 సీకే, గత ఏడాది రెండేండ్లలో రోగుల దగ్గర చేసిన పనే దాటించాలి. అందుకే ముందు అది పోగుచేసుకుని, తర్వాతే పాత కొలువును ఒక్క అనుభవంగా, ఉన్నదున్నట్టు చూపాలి. అబ్జర్వర్‌షిప్‌ను, అంటే డాక్టరు పక్కన ఉండి చూడడాన్ని, అబ్జర్వర్‌షిప్‌ అనే రాయండి, చేయి వేసి చేసినట్టు రాయొద్దు. కొన్ని రకాల హెచ్‌-4 వాళ్లకు పని అనుమతి ఇచ్చే నియమం 2015 మే 26న అమల్లోకి వచ్చింది. అనుమతి కార్డు తేదీలకూ రాసిన కొలువు తేదీలకూ పొత్తు కుదరాలి.

ఒక మాట బాధతోనే చెబుతున్నాం. కొలువు దొరకడానికి కన్సల్టెన్సీలు పెట్టించే దొంగ అనుభవ పత్రాలు పట్నంలో ఎంత మామూలైపోయాయో అందరికీ తెలుసు. ఒకప్పుడు అలా చూపిన రెండేండ్లను ఇప్పుడు ఈరాస్‌లో ఎక్కించవద్దు. నిజంగా చేసిన పద్దెనిమిది నెలలనే రాయండి. దరఖాస్తులో ఉన్నదంతా నిజమని సంతకం పెట్టేది మీరు, కన్సల్టెన్సీ కాదు. దొరికితే పోయేది ఆ ఏడాది మ్యాచ్‌ ఒక్కటే కాదు.

చివరగా కాలం లెక్క. దరఖాస్తులు పంపడం సెప్టెంబరు మొదట్లో మొదలవుతుంది, ప్రోగ్రామ్‌లు చూడడం సెప్టెంబరు చివర్లో. ఒకసారి పంపాక అనుభవాల గడులు మార్చడానికి వీల్లేదు. పర్సనల్‌ స్టేట్‌మెంట్‌ మాత్రం మార్చుకోవచ్చు, స్పెషాలిటీని బట్టి వేర్వేరువి పెట్టుకోవచ్చు. అందుకని పాత కంపెనీ నుంచి అనుభవ పత్రం, రిలీవింగ్‌ లెటర్‌ ఏప్రిల్‌, మే నెలల్లోనే అడగాలి. కంపెనీ మూతపడినా, పేరు మారినా, ఇంకొకరు కొనేసినా ఆ కాగితాలు రావడానికి వారాలు పడుతుంది. పేరు మారితే అప్పటి పేరు రాసి, ఇప్పటి పేరు వివరంలో చెప్పాలి. అవేవీ దొరకకపోతే ఫారం 16, పీఎఫ్‌ పాస్‌బుక్‌, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్‌ ఈ మూడింటి నుంచి తేదీలు తీసి ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితం చూసే అన్నిచోట్లా నింపండి.

ఇట్లు,
రెసిడెన్సీ దరఖాస్తులు చదివి సరిదిద్దే కొందరు వైద్యులు,
నల్లగొండ